రొయ్యల తొట్టెలో నీలం మందు

1984. ఎండలు తగ్గి వానలు పట్టుకున్న రోజులు. విశాఖపట్నం వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్‌కి నాలుగు సందుల అవతల, నాకు అక్వేరియం దుకాణం ఉండేది. అంతకుముందు అది మా నాన్న అద్దాల దుకాణం. దేవుడి పటాలకి, పెళ్లి ఫోటోలకి ఫ్రేములు కట్టేవాడు. డెబ్బైల చివర్లో ఓడల్లో పనిచేసే ఒకాయన ఇనప చట్రం ఒకటి పట్టుకొచ్చి, నీళ్లు కారకుండా దీనికి నాలుగు వైపులా అద్దాలు బిగించి ఇమ్మన్నాడు. మూడుసార్లు కారింది. నాలుగోసారి నిలిచింది. ఆ తర్వాత ఇంకొకాయన అడిగాడు, ఇంకొకాయన అడిగాడు. నాన్న పోయేనాటికి దుకాణంలో పటాలకన్నా తొట్టెలే ఎక్కువ. చేపలు కలకత్తా నుంచి రైల్లో ప్లాస్టిక్ సంచుల్లో వచ్చేవి.

చేపలమ్మడం పెద్ద పనేమీ కాదనుకుంటారు. అమ్మడం నిజంగానే చిన్న పని. పొద్దున్నించి సాయంత్రం దాకా నేను చేసేది, "చేప తినట్లేదు, చేప పక్కకి ఒరిగిపోతోంది" అని వచ్చేవాళ్లు చెప్పింది విని, చూడని తొట్టెలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం. డాక్టరుకైతే రోగి ఎదురుగా ఉంటాడు. మాకు ఎదురుగా ఉండేది రోగి తాలూకు మనిషే.

సన్యాసిరావు అలా పరిచయమైన మనిషే. పోర్టులో వెల్డరు. పెందుర్తిలో రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకుని, భార్య లక్ష్మితో ఉండేవాడు. తొట్టెకి చట్రం తనే వెల్డింగ్ చేసుకుని తెచ్చాడు. రెండడుగుల తొట్టె. అంత పొందికైన చట్రం నేను మళ్లీ చూడలేదు. నేను అద్దాలు బిగించి, అందులోకి ఒక ఎర్ర ఫైటర్ ఇచ్చాను.

ఫైటర్ అంటే బొటనవేలంత చేప. రెక్కలు మాత్రం ఒంటికన్నా పెద్దవి. రెండు మగవాటిని ఒకచోట వేస్తే ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. మిగతా చేపల్లా నీళ్లలోని గాలి మీదే ఆధారపడదు, పైకొచ్చి మూతి బయటపెట్టి గాలి పీల్చుకోగలదు. అందుకే దాన్ని ఒక్కదాన్నీ సీసాలో పెట్టి అమ్ముతాం.

ఆ జూలైలో ఒక సాయంత్రం సన్యాసిరావు వచ్చి కౌంటరు మీద మోచేతులు ఆనించి, "బావా, ఫైటరూ రొయ్యిలూ ఒకే తొట్లో ఉంటాయేటి?" అన్నాడు. అతనికి అందరూ బావలే.

"ఉంటాయి. రొయ్యలు ఫైటర్ కడుపులో ఉంటాయి" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు. "అలగ కాదు బావా. మా అత్త గురించి అడుగుతన్నాను" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. అత్తగారి పేరు అప్పలనర్సమ్మ. వాళ్ల ఊరు స్టీల్ ప్లాంటు కిందకి వెళ్లిన ఊళ్లలో ఒకటి. అందరూ తలోదిక్కుకీ సర్దుకున్నారు. భర్త ఎప్పుడో పోయాడు, ఉన్నది లక్ష్మి ఒక్కతే. కూతురు దగ్గరికి వచ్చేసింది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఊరి పక్క గెడ్డలో వెదురు బుట్టతో రొయ్యలు పట్టి సంతలో అమ్మేది. గెడ్డ అంటే మావైపు చిన్న ఏరు. పెందుర్తి ఇంట్లో ఆవిడకి చెయ్యడానికి పనిలేదు. అల్లుడింట్లో కూర్చుని తింటున్నానన్న సిగ్గు ఒకటి.

"మూడు నెల్లు బావా. గుమ్మంకాడ కూకుంటాది. పెడితే తింటాది, లేపోతే లేదు. నాను ఇంట్లోకెల్తే లేసి ఎల్లిపోద్ది. నాతో సరే, కూతురితో కూడా మాటల్లేవు" అన్నాడు.

పోయిన వారం వాళ్ల ఊరివాళ్లు కొందరు పాత ఊరు చూసి వద్దామని వెళుతుంటే ఆవిడా వెళ్లింది. ఇళ్లు లేవు. గెడ్డ మాత్రం ఉంది. అలవాటు చొప్పున దిగి, దొరికినన్ని రొయ్యలు పట్టి, టిఫిను డబ్బాలో నీళ్లతోపాటు తెచ్చింది, పులుసుకని. లక్ష్మి నాలుగు గుప్పిళ్లు వండి, మిగిలిన కాసిన్ని ఫైటర్‌కి మేతగా తొట్టెలో పోసింది. ఫైటర్ చిన్నవాటిని రెండు రోజుల్లో తినేసింది. దాని నోటికి పట్టని ఆరు రొయ్యలు మిగిలాయి.

"నిన్న పొద్దున్న మా అత్త తొట్టికాడ కూకుని సూత్తంది. సూసి సూసి, 'ఓలే లచ్చిమీ, ఇది గుడ్లు మోస్తందే' అని కేకేసింది. మూడు నెల్ల తరవాత ఆవిడి నోట్లోంచి వచ్చిన మొదటి కేక అదే బావా. అవి బతకాల. ఏటి సేత్తావో సెయ్యి."

నాకు తెలిసింది చెప్పాను. రొయ్య ఫైటర్ నోటికన్నా పెద్దదై ఉండాలి. ఫైటర్ కడుపు నిండుగా ఉండాలి, కాబట్టి రెండు పూటలా మేత వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, రొయ్యలకి దాక్కునే చోటు. హైడ్రిల్లా అనే నీటిమొక్క రెండు గుప్పిళ్లు కాగితంలో చుట్టి ఇచ్చాను. పగిలిన కుండ పెంకులు ఏమైనా ఉంటే కడిగి అడుగున వెయ్యమన్నాను. గుడ్ల లోంచి వచ్చే పిల్లలు మాత్రం ఫైటర్ ఉండగా దక్కడం కష్టమని కూడా చెప్పాను.

రెండు వారాల తర్వాత తొట్టె మూల నుంచి నీరు చెమరుస్తోందని కబురు చేస్తే, నేనే పెందుర్తి వెళ్లాను. అప్పలనర్సమ్మని చూడడం అదే మొదటిసారి. సన్నగా, పొడుగ్గా ఉంది. మోకాళ్ల కింద చర్మం నీళ్లలో నానీ నానీ గరుకుబారి ఉంది. నేను మూలకి పుట్టీ రాస్తుంటే పక్కనే కూర్చుంది.

తొట్టె అడుగున ఒక రొయ్య కదలకుండా పడి ఉంది. తెల్లగా, లోపల ఏమీ లేనట్టు. "ఒకటి పోయినట్టుందమ్మా" అన్నాను మెల్లిగా.

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "సావలేదు బాబూ. రవిక మార్చింది."

మా పనిలో దాన్ని మౌల్టింగ్ అంటారు. ఒళ్లు పెరిగినప్పుడల్లా రొయ్య పాత గుల్ల విడిచేస్తుంది. విడిచిన గుల్ల అచ్చం చచ్చిన రొయ్యలా ఉంటుంది. నేను ఆ మాట పుస్తకంలో చదివాను. ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు.

"గుల్ల ఇడిసినప్పుడు దాని ఒళ్లు ఎన్నలాగుంటాది. రెండు మూడ్రోజులు ఎవుళికీ కనపడకూడదు. కనపడితే ఈ ఎర్రోడు ఒగ్గడు" అంటూ పెంకులు చూపించింది. పెంకుని పెంకు మీద బోర్లించి, మధ్యలో రొయ్య పట్టేంత, ఫైటర్ తల పట్టనంత సందులు వదిలింది. నేను అన్నేళ్లుగా తొట్టెలు అమర్చినవాణ్ణి, నాకు అంత కొలత తోచలేదు. ఫైటర్ ఆ సందుల చుట్టూ రెండుసార్లు తిరిగి, విసుగొచ్చినట్టు పైకి వెళ్లిపోయింది. ఆవిడ దాన్ని చూసి, "పో, పో. నీ పని నువ్వు సూసుకో" అంది. లక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి తల్లినే చూస్తోంది.

ఆగస్టులో ఒకరోజు దుకాణం కిటకిటలాడుతోంది. కలకత్తా సరుకు అప్పుడే దిగింది. సంచులు విప్పాలి, చేపల్ని మెల్లిగా మా నీళ్లకి అలవాటు చెయ్యాలి. సన్యాసిరావు డ్యూటీ దిగి, బస్సు వేళవుతోందని గుమ్మంలోంచే కేకేశాడు.

"బావా, ఫైటరు ఒంటి మీద పసుప్పొడి జల్లినట్టుంది. రెక్కలు ముడిసీసుకుని మూల కూకుంటంది."

అది వెల్వెట్ అనే జబ్బు. కంటికి ఆనని సూక్ష్మజీవి చర్మానికి పట్టి, బంగారు రంగు దుమ్ములా కనిపిస్తుంది. ఫైటర్లకి తరచుగా వచ్చేదే. మందు నా దగ్గరే ఉంది. మైలుతుత్తం నీళ్లలో కలిపి నేనే తయారు చేసుకునేవాణ్ణి. నీలంగా ఉంటుంది. చిన్న సీసాలో పోసి అందించాను. "పొద్దున్న పది చుక్కలు. మూడు రోజులు" అన్నాను. అతను సీసా జేబులో వేసుకుని పరుగెత్తాడు.

రెండు నిమిషాల పని.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. చేతిలో గాజు సీసా, అందులో ఎర్ర ఫైటర్. సీసాని కౌంటరు మీద పెట్టి, "ఇది నువ్వే ఉంచీసుకో బావా. మా అత్త దీని మొకం సూడనంటంది. ఆరింటినీ సంపీసింది" అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున్న రెండు. నిన్నటికి అన్నీ అయిపోనాయి. గుడ్లున్నది కూడాని. మా అత్త ఏడుపు సూళ్లేకపోనాను. మా మావ పోయినప్పుడు కూడా అంతలాగ ఏడవలేదని లచ్చిమి అంటంది."

చేప కొరికి చంపిన రొయ్యకి కాళ్లో మీసాలో తెగుతాయి, సగం ఒళ్లే మిగులుతుంది. "ముక్కలైనవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను.

"లేవు బావా. ఉన్నవి ఉన్నట్టే. ఉడకబెట్టినట్టు తెల్లగా అయిపోనాయి. అద్దం మీదకి పాకి పాకి, నీల్లు దాటి పైకొచ్చీడానికి సూసి, పడిపోనాయి."

అప్పుడు నాకు అర్థమైంది. నీలం మందులో ఉన్నది రాగి. కొలత ప్రకారం వేస్తే చేప తట్టుకుంటుంది. రొయ్యకి, నత్తకి మాత్రం అది విషం. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ తొట్టెలో రొయ్యలున్నాయనీ తెలుసు. దాని ముందు కూర్చుని నా చేతులతో పుట్టీ రాశాను. సీసా అందించిన ఆ రెండు నిమిషాల్లో ఈ రెండు సంగతులూ నా బుర్రలో ఒకదాన్నొకటి కలుసుకోలేదు.

నోరు తెరిచి చెప్పాల్సింది అప్పుడే. దుకాణంలో ఇంకో ఇద్దరు ఉన్నారు. సన్యాసిరావు కళ్లు ఎర్రగా ఉన్నాయి. "సరే, కొన్నాళ్లు ఇక్కడ ఉండనీ" అన్నాను. అంతే అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు.

ఫైటర్ సీసా కౌంటరు మీదే ఉండిపోయింది. మందు బాగా పనిచేసింది. ఒంటి మీద దుమ్ము పోయింది. రెక్కలు విప్పుకుని, నా వేలు చూస్తే ఎదురొచ్చి కయ్యానికి దిగుతోంది. దానికి మేత వేసినప్పుడల్లా నాకు తల ఎత్తాలనిపించేది కాదు. నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెప్తే మాత్రం రొయ్యలు తిరిగొస్తాయా? ఇప్పటికే చేప తప్పనుకుంటున్నారు కదా, అనుకోనీ. చేపకి బాధేమిటి?

మూడో రోజు ఒకాయన వచ్చి సీసా ఎత్తి చూశాడు. "భలేగుంది. దీన్నిచ్చీ. ఎలాటిది, మంచిదేనా?"

"మంచిదే" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాక ఇక ఆయనకి ఇవ్వలేకపోయాను. ఇది వేరేవాళ్లదని చెప్పి పంపించేశాను.

ఆ మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక దుకాణం తెరవలేదు. పెందుర్తి బస్సెక్కాను. ఫైటర్‌ని తీసుకెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక వదిలేసి వెళ్లాను.

అప్పలనర్సమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి పలకరించలేదు. లోపల తొట్టె నిండుగా నీళ్లు, పెంకులు, మొక్క. ఏదీ కదలడం లేదు. సన్యాసిరావు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉన్నాడు, నా గొంతు విని లేచొచ్చాడు. లక్ష్మి మంచినీళ్లు తెచ్చింది. తాగకుండానే చెప్పేశాను.

"అమ్మా, మీ రొయ్యల్ని ఫైటర్ చంపలేదు. నేనిచ్చిన మందు చంపింది. రొయ్యలున్న నీళ్లలో వెయ్యకూడని మందు అది. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ వేళకి గుర్తు రాలేదు."

మొదట మాట్లాడింది సన్యాసిరావు. "నాను సేపని అట్టుకొచ్చిన రోజు నీకు తెల్సా?"

"తెలుసు."

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

లక్ష్మి నావైపు తిరిగింది. "ఆ రోజే సెప్పొచ్చు గదా బాబూ? మాయమ్మ నాలుగు రోజులై అన్నం ముట్టలేదు. ఆ రొయ్యిల్ని తొట్లో నానే పోసినాను, నా సేత్తోనే సంపుకున్నానని నానేడుత్తన్నాను."

తప్పేనమ్మా అన్నాను.

అప్పలనర్సమ్మ నావైపు చూస్తూ ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే ఆ సేప తప్పేటీ లేదా?" అంది.

"లేదమ్మా."

"అయ్యో బాబూ." ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "నాను దాన్ని తిట్టని తిట్టు లేదు. మన్ను జల్లినాను దాని మీద. నోరులేంది. దాని ఉసురు మాకు తగల్దేటి? ఎక్కడుంది అదీ? బతికుందా?"

"ఉందమ్మా. నా దగ్గరే ఉంది. జబ్బు కూడా తగ్గింది."

"మరి తేలేదేటి? ఇక్కడి దాన్ని అక్కడొగ్గీసి వొట్టి సేతుల్తో వొచ్చినావా?"

తన రొయ్యలు పోయిన మనిషి ముందుగా అడిగిన న్యాయం చేపకి. నేను తలొంచుకుని మంచినీళ్లు తాగాను.

తర్వాత ఆవిడ తొట్టె దగ్గరికి వచ్చింది. "ఈ నీల్లలో రొయ్యిలేస్తే మల్లీ బతుకుతాయేటి?" బతకవని చెప్పాను. రాగి ఇసకలోకి, పెంకుల్లోకి దిగిపోయి ఉంటుంది, నీళ్లు మార్చినంత మాత్రాన పోదు. అంతా తీసి పారెయ్యాలి. ఆ సాయంత్రం లక్ష్మి, నేను కలిసి తొట్టె ఖాళీ చేశాం. ఇసక, మొక్క, పెంకులు అన్నీ దూరంగా గొయ్యి తీసి పూడ్చాం. సన్యాసిరావు మేము సగం పనిలో ఉండగా తిరిగొచ్చాడు. తొట్టె బరువైన వైపు తనే పట్టుకున్నాడు.

తర్వాతి శుక్రవారం కొత్త ఇసక, మొక్క, ఫైటర్ తీసుకుని వెళ్లేసరికి అప్పలనర్సమ్మ చీర గోచీ బిగించి, చేతిలో బుట్టతో సిద్ధంగా ఉంది. దగ్గర్లో కాలవ ఎటుందో, ఏ పొలాల్లోకి పోతుందో ఇరుగుపొరుగుని అడిగి తెలుసుకుందట. పాత ఊరికి వెళ్లిన ఆ ఒక్కరోజు తప్ప, నాలుగు నెలల్లో ఆవిడ ఆ వీధి మొగ దాటడం అదే మొదలని లక్ష్మి చెప్పింది. నేనూ వెంట వెళ్లాను.

ఊరి చివర వరి మళ్ల మధ్య కాలవ. మోకాలి లోతు నీళ్లు. ఆవిడ దిగి, గట్టు పక్క గడ్డి కిందకి బుట్ట దోపి, కాలితో గడ్డిని తొక్కి, ఒక్క ఊపున పైకి లేపింది. నీరు కారిపోయాక బుట్ట అడుగున చిటచిటలాడుతూ పది పదిహేను రొయ్యలు. బుట్ట నాకిచ్చి నన్నూ దిగమంది. ప్యాంటు మడుచుకుని దిగాను. నేను దోపిన బుట్టలోకి గడ్డి తప్ప ఏమీ రాలేదు.

"నీల్లమ్ముకునేవోడివి, నీల్లలో నిలబడ్డం రాదేటి నీకూ?" అంది. పక్క చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. "పెద్దవే ఏరు బాబూ. సిన్నవి ఒగ్గీ. సిన్నవి ఆ ఎర్రోడి నోట్లోకెల్లిపోతాయి."

పన్నెండు ఏరుకుని తెచ్చాం. ఈసారి తొట్టెలో ముందు రొయ్యల్ని వేశాం. అవి చోటు చూసుకుని, సందులు తెలుసుకున్నాక, వారానికి ఫైటర్‌ని దింపాం. కొత్తగా వచ్చింది తనే కాబట్టి మొదట అదే బెదిరింది. తర్వాత ఒకటి రెండు రోజులు వెంటపడింది. అది దగ్గరికి రాగానే రొయ్యలు వెనక్కి ఎగిరి పెంకుల్లో దూరేవి. నాలుగు రోజులకి విసిగి మానుకుంది. అన్నీ దక్కాయని చెప్పను. నెల తిరక్కుండా గుల్ల విడిచి బయటికొచ్చిన ఒకదాన్ని పట్టి తినేసింది. నేను భయపడుతూ అడిగితే ఆవిడ తేలిగ్గానే చెప్పింది. "అది సేప బుద్ది బాబూ. దానికి నాను ఏడవను."

సన్యాసిరావు చాలా రోజులు దుకాణానికి రాలేదు. దీపావళి ముందు వచ్చి, తొట్టె గాలి పంపుకి రబ్బరు ట్యూబు కావాలన్నాడు. తీసుకుని వెళ్లబోతూ ఆగి, "మా అత్త ఆ కాలవకాడ ఆడోల్లతో కలిసి రొయ్యిలు అట్టి, పెందుర్తి సంతలో అమ్ముతంది బావా. నా మాట ఇనదు. అల్లుడు సంపాదన సాల్లేదని ఊరంతా అనుకుంటారని నాను సిగ్గుపడుతుంటే, నన్నే కసిరీసింది" అన్నాడు. అతను ఇంట్లోకి వస్తేనే లేచి వెళ్లిపోయే ఆవిడ, అతనితో నేరుగా మాట్లాడి కసిరిందని తర్వాత గానీ నాకు తట్టలేదు.

ఆ తర్వాత నేను నీలం మందు సీసా మీద కాగితం అంటించి, 'రొయ్య, నత్త ఉంటే వెయ్యరాదు' అని రాశాను. అది చాలదని నాకు తెలుసు. కాగితం చదవనివాళ్లు చాలామంది. అందుకని మందు అడిగిన ప్రతివాణ్ణీ నిలబెట్టి, తొట్టెలో ఇంకా ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పించుకునేవాణ్ణి. ఒక్క చేపకి మందివ్వడానికి ఇన్ని ఆరాలా అని విసుక్కున్నవాళ్లకి, పెందుర్తి సంగతి మొత్తం చెప్పేవాణ్ణి. నేను నోరు మూసుకున్న నాలుగు రోజుల సంగతి కూడా దాచలేదు. రొయ్యలు పోయింది నా మరుపు వల్ల. ఆ తల్లి అన్నం మానేసి కూర్చుంది, ఆ కూతురు తనను తాను తిట్టుకుంది నా మౌనం వల్ల. మరుపు పనిలో ఎవరికైనా వస్తుంది. మౌనం మాత్రం నేను కావాలని ఎంచుకున్నది.